గుంజ మీది గుమ్మడికాయ

మార్చి 11

మొదలైంది ఏడుపు. మా దక్షిణపు కొసన మార్చి అంటే చలికాలానికి ముందు ఆకు రాలే కాలం, ఆకు పసుపు తిరగ్గానే ఈ వీధి జనానికి గొంతులు బొంగురుపోతాయి. పొద్దున రొట్టెల కొట్లో ఒకామె అంటోంది, "అయ్యో, అప్పుడే అయిపోయిందా, మొన్ననేగా విత్తనం పెట్టాం!" అని. పక్కనే ఇంకొకామె, "పోనీలే, నడుములు విరిగిపోతున్నాయి, ఇక చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చోవచ్చు" అంది. ఒకరి మాటకి ఒకరు తలూపుకున్నారు కూడా. తోట పోతోందని బాధా, తోట వదిలిందని సంతోషమా, ముందు అది తేల్చుకుని ఏడవండి అందామనుకున్నాను. నాకైతే రెండూ లేవు. కాయ ముదురుతుంది, కోస్తాం, నేల పడుకుంటుంది. ఇందులో కవిత్వమేముంది!

అప్పుడే నా కంచె దగ్గర తచ్చాడడం కూడా మొదలెట్టారు. ఇది మా అమ్మ చేసిన అలవాటు. ఏటా మొదటి గుమ్మడికాయ కోసి ఆవిడ గేటు గుంజ మీద పెట్టేది. అది చూడగానే వీధంతా కత్తులు పట్టుకుని తోటల్లోకి దూకేది. చీకటి పడేలోగా కాయలన్నీ ఇళ్ళల్లోకి చేరేవి. ఆ రాత్రో మర్నాటి రాత్రో మంచు పడి తీగలు మాడిపోయేవి. అమ్మ పోయాక గుంజ నాకొచ్చింది. ఇప్పటికీ దాని మీద కాయ కనపడందే ఒక్కరూ కత్తి ముట్టరు. మందకి ముందు నడవడానికో మేక కావాలి, ఆ మేకని నేను. తల పైకెత్తి కొండకేసి చూద్దామన్న బుద్ధి ఒక్కరికీ పుట్టదు.

కొండ మీద ఏముందో ఎవరైనా చూడొచ్చు. లెంగా చెట్లు పైనుంచి కిందికి ఎర్రబడుతూ వస్తాయి. ఆ ఎరుపు కొండ మధ్యనున్న నల్లరాయి నడుము దాకా దిగిందంటే ఇక కాయ బయట ఉంచకూడదు. మంచు సోకిన కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం నీరైపోతుంది. నడి చలికాలంలో కత్తి పెడితే కంపు. అంతే శాస్త్రం.

ఈ ఏడు ఎరుపు ఆలస్యం. కొండంతా ఒకటే రంగు.

మార్చి 15

యెసేనియా వచ్చింది. మా తమ్ముడి కూతురు, ఊరి ఆరోగ్యకేంద్రంలో పనిచేస్తుంది. తెల్లకోటు వేసుకున్న దగ్గర్నుంచీ కనపడ్డవాళ్ళకల్లా రోగం అంటగడుతోంది.

"అత్తా, ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన నీ కంటి ఆపరేషన్. సరస్సు అవతలి ఒడ్డు పెద్దాసుపత్రిలో. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడే" అంది.

"నా కళ్ళకేం?"

"శుక్లాలు. డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పిందిగా."

"అవేం కాదు. ఎదురింటి రెకారెదో పచ్చికట్టెలు కాలుస్తాడు, ఆ పొగ. ఊరంతా మసక."

"ఊళ్ళో ఇంకెవరికీ లేదు ఆ మసక. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పొగ మీద పెడతావేం అత్తా?"

నోరు చూడు దానికి. ఆ నోరు మా తమ్ముడిది కాదు, వాళ్ళమ్మది. చివరికి ఓ మాటిచ్చి పంపాను. గుమ్మడికాయ గుంజ ఎక్కాకే నేను పంటు ఎక్కుతాను, అంతవరకూ ఊసెత్తొద్దు అని. కాయ బయట ఉండగా తోట వదిలి సరస్సు దాటిపోయే మనిషినా నేను! "ఏప్రిల్ ఆఖరులోగా మంచు పడకుండా ఉంటుందా, సరే" అని నవ్వుకుంటూ పోయింది.

భయమా? నాకు భయమేమిటి. మా అమ్మ ఆ ఒడ్డుకే వెళ్ళి కంటికి కట్టుతో తిరిగొచ్చింది. కట్టు విప్పేశాక కూడా, "ఇంకా విప్పరేమే" అని అడుగుతూనే ఉండేది, పోయేదాకా. అది ఆ కాలం. ఇప్పుడు యంత్రాలొచ్చాయట. నాకు భయం లేదు, తీరిక లేదు.

మార్చి 16

కొండ ఇంకా ఎర్రబడలేదు.

మార్చి 21

పక్కింటి సోయిలా తోటలో దుప్పట్లు వెలిశాయి. పగలు తీస్తుంది, సాయంత్రం కాగానే ఒక్కో కాయకీ కప్పుతుంది. అది తోట కాదు, ఆసుపత్రి వార్డు. చిలోయే ద్వీపం నుంచి వచ్చిన మనిషి, జాలరుల పిల్ల. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా మట్టిని సముద్రమనే అనుకుంటుంది.

విత్తనానికి ఉంచుకునే కాయ తొడిమకి మేమంతా ఎర్ర ఊలుదారం కడతాం, పొరపాటున కూరలోకి పోకుండా. మామూలు మనుషులు ఒక ముడి వేస్తారు. ఈవిడ వలకి వేసే ముడి వేస్తుంది, మూడు బుడిపెలతో, వేలంత లావున. గుమ్మడికాయేమైనా ఈదుకుంటూ పోతుందా? ఆ మాటే అడిగాను.

"మా నాన్న నేర్పింది ఇదొక్క ముడే దోన్యా క్లోరిందా. దీంతోనే వల, దీంతోనే ఆవు, దీంతోనే మొగుడు" అంది.

"మొగుడు తెంపుకుని పోయాడుగా?"

"ముడి గట్టిదే. తాడే పాతది."

అని పడీ పడీ నవ్వింది. పిలుపేమో 'దోన్యా' అని, అమ్మగారూ అన్నట్టు. సిగ్గూ ఎగ్గూ లేని నవ్వు, సరస్సు అవతలికి వినపడుతుంది. వెళ్ళిపోతూ, "కొండ చూశారా, నెత్తి మీద ఎర్రబడ్డం మొదలైంది" అంది. ఏటా ఇంతే. అడగకుండానే కంచె పక్క నిలబడి కొండ కబుర్లు చెబుతుంది. చిలోయే వాళ్ళకి అన్నీ అతి.

మార్చి 29

మాక్సిమిలియానో అని, రాజధాని సాంతియాగో నుంచి వచ్చి వీధి చివర ఇల్లు కట్టాడు. గడ్డం, రబ్బరు బూట్లు, చెక్కపెట్టెల్లో తోట. మట్టిలో గాజుగొట్టం గుచ్చి జ్వరం చూస్తాడు. ఇవాళ వీధి మధ్యలో నిలబడి ఫోన్ పైకెత్తి, "రెండో తారీకు రాత్రి మంచు! మైనస్ మూడు!" అని చాటింపు వేశాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టుంది ఆ ఫోను.

అందరూ నా గేటు దగ్గరికి చేరారు. గుంజ కేసి చూస్తారు, నా మొహం కేసి చూస్తారు.

"ఆ ఫోనుకి ఎప్పుడైనా చేతులు మట్టయ్యాయా అబ్బాయ్?" అన్నాను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, పాపం, ఏం చేస్తాడు. ఎవరూ కత్తి ముట్టలేదు.

ఏప్రిల్ 3

మంచు పడలేదు. మబ్బు కమ్మి వాన కురిసింది. సోపైపియాలు నూనెలో వేయించుకుని తిన్నాను, పోయినేటి చివరి గుమ్మడి గుజ్జు పిండిలో కలిపి. ఫోను మొహం చూద్దామని కావాలనే వీధి చివరిదాకా నడిచాను.

ఏప్రిల్ 6

మంచి పెన్నులు అమ్మడం మానేశారు కొట్లో. అన్నీ వెలిసిపోయిన సిరాలే. పెట్టెల మీద రాసే లావు పెన్ను తెచ్చుకున్నాను, దీంతో పేజీకి ఆరేడు ముక్కలే పడతాయి.

ఏప్రిల్ 7

దారిలో బకెట్టు పెట్టారెవరో. మోకాలు చిట్లింది. నా తోట, నా బకెట్టు. ఎవరు పెట్టారో.

ఏప్రిల్ 10

సోయిలా బట్టలారేస్తూ గాలితో మాట్లాడుతోంది. "నల్లరాతి నెత్తి దాకా దిగింది ఎరుపు" అని. వినిపించుకోలేదు.

ఏప్రిల్ 13

రెకారెదో గేటు దగ్గరికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని మరీ మాట్లాడతాడు నాతో, చర్చి ఫాదరుతో మాట్లాడినట్టు.

"దోన్యా క్లోరిందా, తొందరపెడుతున్నానని కాదు. మా ఓర్ఫెలీనా సంగతి తెలుసుగా, మంచం దిగట్లేదు, నోట్లో పన్ను లేదు. చలికాలమంతా గుమ్మడి గుజ్జే ఆవిడకి తిండి. అది తప్ప ఇంకోటి లోపలికి పోదు. ఈసారి కాయలు బాగా కాశాయి. అందుకని..."

"కొండ కనపడట్లేదా మీకు?"

"నాకు కనపడితే మాత్రం ఏం తెలుస్తుందండీ. ముప్పై ఏళ్ళుగా మీ గుంజే చూస్తున్నాను. మీరు కాయ పెట్టేదాకా మేం చెయ్యి పెట్టం లెండి."

ఎద్దు. వట్టి ఎద్దు. మొక్క నీది, కాయ నీది, పెళ్ళాం నీది, నా గుంజతో నీకేం పని? ఆ మాట అనలేదు. "ఇంకా టైముంది" అన్నాను. బ్రహ్మాండంగా తృప్తిపడి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక కొండ చూశాను. చాలాసేపు చూశాను. కట్టెల షెడ్డు దగ్గర నిలబడి చూశాను, నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి చూశాను. నల్లరాయి కనపడలేదు. రాయి పోవడమేమిటి! ఈ రెకారెదో పొగ కొండదాకా పాకింది.

ఏప్రిల్ 15

యెసేనియా అడిగింది, "గుంజ ఖాళీగానే ఉందేం అత్తా?" అని. వీధి మొత్తం నా మీద ఆధారపడి ఉంది, నీ ఆసుపత్రి కోసం మంచుని ముందుకి లాగనా, అన్నాను. మాతే టీ కలిపి నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఈ మధ్య గిన్నె చేతిలోనే పెడుతోంది, బల్ల మీద పెట్టట్లేదు. నన్నేం పసిపిల్లననుకుంటోందా?

ఏప్రిల్ 17, సాయంత్రం

గాలి ఆగిపోయింది. ఈ ఊళ్ళో గాలి ఆగడమంటే మామూలు సంగతి కాదు. సరస్సు చప్పుడు లేదు. చెవుల తమ్మెలు నొప్పి పెడుతున్నాయి. అమ్మ అనేది, చెవి లాగితే రాత్రికి మంచు అని. అమ్మ చాలా అనేది.

ఎండ తగ్గుతుండగా సోయిలా కంచె దగ్గరికొచ్చింది.

"ఇవాళ పెడతారా దోన్యా?"

"కొండ చెప్పాలి."

"చెప్పేసిందండీ. రాతి నడుము కూడా దాటింది."

"నీ కళ్ళకి ఏదైనా దాటుతుంది. నువ్వు చెబితే కోసుకోవాలా నేను? నిన్నగాక మొన్న ఓడ దిగినదానివి."

నవ్వలేదు ఈసారి. "పోనీ మీ కాయల వరకైనా లోపల పెట్టనా? నాకిద్దరి బలం ఉంది" అంది.

"నా తోటలో నీ చెయ్యి పడిందంటే ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెడతాను."

వెళ్ళిపోయింది. కాయ కోసి గుంజ మీద పెట్టడం ఎంతసేపు పని? పెడితే మంచు పడాలి. పడితే పంటు ఎక్కాలి. పడకపోతే ఆ గడ్డం వాడు ఫోను పట్టుకుని నవ్వుతాడు. ఎందుకొచ్చిన గొడవ. రేపు పొగ లేనప్పుడు కొండ సరిగ్గా చూసి చెబుతాను. కర్టెన్ వేసేశాను. చెవులు లాగడం చలిగాలికి. ఇప్పుడు గాలి లేదు కదా అంటే, పొద్దున వీచినదానికి.

ఏప్రిల్ 18

పొద్దున తలుపు తీసి అడుగు వేయగానే గడ్డి కరకరలాడింది. ఆ చప్పుడికి కళ్ళక్కర్లేదు. వంగి ఆకులు పట్టుకున్నాను. ఉడికిన తోటకూరలా చేతికంటుకున్నాయి. కాయలు తడిమాను, పైన గాజుపెంకులా మంచు. అన్నీ పోయాయి. నావి పోతే పోయాయి, వీధి వీధంతా నా గుంజ చూస్తూ కూర్చుంది. ఓర్ఫెలీనా చలికాలం తిండి నేను మాడబెట్టాను. ఆ తడి నేల మీదే కూర్చుండిపోయాను. 

అప్పుడు రెకారెదో గొంతు, వీధిలోంచి. "దోన్యా క్లోరిందా! మీ చేతులకి ముద్దు పెట్టాలి!"

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. అతనికి వెక్కిరించడం రాదు.

"చీకటి పడబోతుండగా చూశాను గుంజ మీద కాయ! చెప్పు కూడా తొడుక్కోలేదు. ఆఖరి కాయ గడప లోపల పెట్టేసరికి చుక్కలొచ్చేశాయి. ఓర్ఫెలీనా మంచం కిందంతా గుమ్మడికాయలే!"

వెనకాలే మాక్సిమిలియానో. "నా ఫోన్ రేపు పడుతుందంది దోన్యా. మీరు కరెక్టు, అది తప్పు. నేను కూడా మీ గుంజ చూసే కోశాను."

"ఆఁ" అన్నాను. 

కంచె పట్టుకుని గేటు దాకా నడిచాను. గుంజ మీద చెయ్యి పెట్టాను. కాయ. చల్లగా, పెద్దగా, నా అరచెయ్యి చాలనంత. తొడిమ తడిమాను. ఊలుదారం. మూడు బుడిపెలు, వేలంత లావున.

నా గేటు గుంజ. నా వంటింటి కిటికీకి ఎదురుగా. నిన్న సాయంత్రం నేను కర్టెన్ వేసేటప్పుడు అది అక్కడే ఉండుండాలి. వీధి చివరి వాళ్ళకి కనపడింది, మంచం దిగని ఓర్ఫెలీనాకి కూడా కిటికీలోంచి కనపడే ఉంటుంది. నాకు కనపడలేదు. పొగ కాదు. పొగ ఎప్పుడూ కాదు. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు, చాలా భయమేసింది.

రెకారెదో అప్పుడే నా తోట చూశాడు. "అయ్యయ్యో! మా అందరికీ చెప్పి మీవి వదిలేశారా?"

నిజం చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "నడుం పట్టేసింది" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను నడుం తడుముకున్నాను. ఇన్నాళ్ళూ ఎద్దులూ మేకలూ అని వీళ్ళని తిట్టుకున్నాను కదా, ఈ ఊళ్ళో పెద్ద గొడ్డు ఎవరో ఇవాళ తెలిసింది.

మధ్యాహ్నం నుంచి కాయలు రావడం మొదలైంది. ఇంటికొకటి. వద్దన్నకొద్దీ గుమ్మంలో పెట్టిపోతారు. రెకారెదోది వంకర, ఒక పక్క నేల మీద పడుకుని చప్పిడి అయింది, తిప్పి పెట్టాలన్న జ్ఞానం లేదు. మాక్సిమిలియానోది నిమ్మకాయంత, పైగా దానికో గోనెసంచి చొక్కా. రొట్టెల కొట్టామెది తొడిమ లేకుండా కోసింది, నెల తిరక్కుండా కుళ్ళుతుంది. ఏడిచినట్టున్నాయి అన్నీ. ఒక్కదానికీ మంచు తగల్లేదు.

సోయిలా అందరికంటే ఆఖర్న వచ్చింది, వట్టి చేతులతో.

"నా గుంజ మీద నీ కాయ పెట్టడానికి ఎంత పొగరే నీకు?"

"మీది కోస్తే మీకు తెలిసిపోతుందిగా దోన్యా. మీరు రోజూ తడిమి లెక్కపెట్టుకుంటారు."

"విత్తనపు కాయే దొరికిందా?"

"నా దాంట్లో పెద్దది అదొక్కటే. చిన్న కాయ పెడితే మీరు పెట్టారని ఎవరు నమ్ముతారు?"

 "ఎవరికైనా చెప్పావా?" అన్నాను.

"ఏం చెప్పాలి? గుంజ మీ సొంతం. ఈ వీధికి చెప్పేది ఆ గుంజే."

తల తిప్పుకున్నాను. దాని ముందు ఏడుస్తానా? అది వెళ్ళేదాకా ఆగాను.

ఏప్రిల్ 19

యెసేనియాకి కబురు పెట్టాను. గుమ్మడికాయ గుంజ ఎక్కింది, మాట మాటే అని. ఎవరి కాయ అన్నది మాటలో లేదు కదా.

ఏప్రిల్ 22

సోయిలా కాయ కోసి విత్తనాలు తీశాను. కడిగి పొయ్యి పక్కన గుడ్డ మీద ఆరబెట్టాను. ఒక్క రాత్రి మంచుకి విత్తనం చావదు, గట్టిగానే ఉన్నాయి. ఆ ముడి విప్పడానికి మాత్రం ప్రాణం పోయింది.

ఏప్రిల్ 27

పంటు కోసం రేవులో కూర్చున్నాను. యెసేనియాకి డ్యూటీ అట, తోడు సోయిలా వస్తోంది. పొద్దున పడవలు చూసిన దగ్గర్నుంచీ నోరు మూయలేదు. అవతలి ఒడ్డు దాకా ఇదే మోత. నా చెయ్యి పట్టుకుంది. వదిలించుకుందామనుకున్నాను, మెట్లు జారుడుగా ఉన్నాయి.

మే 2

నిన్న తిరిగొచ్చాం. ఒక కన్నే చేశారు, రెండోది వసంతంలో.

కొండ కనపడింది. రాయి కూడా, ఉన్నచోటే ఉంది. ఎరుపు లేదు, అంతా రాలిపోయింది. కొమ్మలు ఒక్కొక్కటీ విడిగా కనపడుతున్నాయి. ఈ ఏడాది ఎరుపు నాకు లేదు. రొట్టెల కొట్లో వాళ్ళిద్దరూ ఎందుకేడ్చారో కొంచెం తెలిసింది. వాళ్ళకి చెప్పను.

ఈ పుస్తకం తిప్పి చూశాను. ఏప్రిల్ పేజీల్లో ఒక వాక్యం మీద ఇంకో వాక్యం రాసుకుపోయాను. కొన్ని నాకే అర్థం కాలేదు.

ఆసుపత్రి సంగతి రాయాలి. కట్టు విప్పగానే మొదట కనపడింది సోయిలా మొహం. కళ్ళ కింద సంచులు, చెంపలు జారి, జుట్టంతా నెరిసి.

"ఎంత ముసలిదానివైపోయావే!" అన్నాను.

"మీరు నన్ను చూసి నాలుగేళ్ళయింది దోన్యా" అంది.

నాలుగేళ్ళు. ప్రతి ఏడూ కంచె పక్క నిలబడి ఆ కొండ కబుర్లు. ప్రతి ఏడూ ఆ కబుర్లయ్యాకే గుంజ మీద నా కాయ.

 నర్సు మందు చుక్కలు వేసి వెళ్ళింది. సోయిలా సంచిలోంచి ఊలు తీసి అల్లడం మొదలెట్టింది, ఎర్రది.

"ఆ పిచ్చి ముడి ఎలా వేస్తావో చూపించు" అన్నాను. "ఇప్పుడు కన్నుందిగా."